ఛార్జి మెమోకు కట్టిన ఫ్లెక్సీ

సూర్యాపేట,
శుక్రవారం.

మహారాజశ్రీ ప్రత్యామ్నాయ పాఠశాలల ప్రాంతీయ పర్యవేక్షణాధికారి గారి సముఖమునకు,
మిర్యాలగూడ.

మిర్యాలగూడ రైసుమిల్లులో గేటు వాచ్‌మన్‌గా చేసి దిగినవాడును, ఐదో తరగతి పాసైనవాడును, ప్రస్తుతం సూర్యాపేట కాపురస్థుడును అయిన ఏర్పుల మల్సూర్ వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: నా కూతురు ఉమారాణికి ఛార్జి మెమో ఇచ్చినందుకు సంతోషము తెలుపుట – దానిపై కట్టిన ఫ్లెక్సీని తీయకుండుట – పూర్తి ఛార్జి ఇప్పించమని కోరుట – గురించి.

సూచిక: 1. తమ ఆఫీసు నుండి వచ్చిన ఇంగ్లీషు మెమో.
2. తమ ఆఫీసు గుమాస్తా గారు ఫోనులో అన్న మాటలు.
3. కొత్త బస్టాండు కాడ మా ఫ్లెక్సీ.

పై విషయమునకు సంబంధించి తమరికి విన్నవించుకొనునది ఏమనగా, నేను చాలా సంతోషంగా ఉన్నాను. అర్జీ అంటే బాధతోని రాసేదని నాకు తెలుసు. పింఛను కొరకు, నల్లా కొరకు నేను గూడ బాధతోనే రాసిన. ఇది మాత్రం సంతోషం పట్టలేక రాస్తున్న. అక్షరాలు వంకరగ ఉంటే అది వయసు కాదు, సంతోషమేనని గ్రహించగలరు.

తమ గుమాస్తా గారు ఫోను చేసి, "పెద్దాయనా, క్షమాపణ పత్రం రాసుకొని రా. ఆ ఫ్లెక్సీ పీకేయ్. సోమవారం విచారణకు సారు వస్తున్నరు, మనసు మెత్తబడ్తది" అన్నరు. మంచి మనిషి. ఆయన మాట మీద కాగితం తీసి "క్షమించగలరు" అని రాద్దామని పెన్ను పెట్టిన. రాలేదు. కాగితం మార్చిన, పెన్ను మార్చిన, ఇగ మాట మార్చినంక రాసుడు సురువైంది. కనుక తమరు అడిగిన క్షమాపణ ఇందులో ఎక్కడా దొరకదని ముందుగానే మనవి.

సంగతి తమరికి తెలిసిందే అయినా, అర్జీల అన్నీ రాయాలంటరు గనుక రాస్తున్న. నా బిడ్డ ఉమారాణి సూర్యాపేట పట్టణ ప్రత్యామ్నాయ ఉన్నత పాఠశాలకు ఇన్‌ఛార్జి. మార్కెట్ ఎనుక రెండు గదుల బడి. నడుమల బడి మానినోళ్లు, పది తప్పినోళ్లు, పెండ్లయి పిల్లలు పుట్టినోళ్లు, హోటళ్ల పనిచేసేటోళ్లు వచ్చి పదో తరగతికి చదువుకుంటరు. మామూలు బడి వద్దన్నోళ్లకు ఈ బడి. సోమవారం విచారణ అయినంక నా బిడ్డ దగ్గరి నుంచి ఆ ఇన్‌ఛార్జి కూడా తీసేసి, బడిని కోదాడ బడిల కలుపుతరని గుమాస్తా గారే చెప్పిన్రు. అట్ల చేయొద్దని నా మనవి. ఎందుకు వద్దో కింద వరుసగా.

1. ఫ్లెక్సీ గురించి:

ఇది నా సొంత పని గనుక మొదట దీని సంగతే. మెమోల దీని గురించి లేదు, మెమో తర్వాత పుట్టింది.

మా బిడ్డ ఆరేండ్ల నుంచి ఇన్‌ఛార్జే. "ఇన్‌ఛార్జి అంటే ఏంది బిడ్డా?" అని ఒకసారి అడిగిన. "కుర్సీ ఉంటది నాయినా, ఆర్డరుండది" అన్నది. గప్పటి నుంచి నేను పూర్తి ఛార్జి ఎప్పుడొస్తదా అని సూస్తున్న. మిల్లు గేటుకాడ మా రిజిస్టర్ల ఇంగ్లీషుల ఛార్జి అని ఆరు అక్షరాలుంటయి. నాకు వచ్చిన ఇంగ్లీషు ఆ ఆరు అక్షరాలే. పొద్దుటి వాచ్‌మన్ దిగేటప్పుడు తాళాల గుత్తి నా చేతిల పెట్టి, "ఛార్జి తీస్కో మల్సూరన్నా" అనేటోడు. ఛార్జి అంటే నాకు తెలిసింది గదొక్కటే. తాళాలు చేతికి వచ్చుడు.

తమ మెమో పోస్టుల మా ఇంటికి వచ్చింది, బిడ్డ ఆఫీసుల రాసిచ్చిన అడ్రసు మాదే. పైన సర్కారు ముద్ర. నడుమ మా బిడ్డ పేరు. పేరు మీద పెద్దగ ఆ ఆరు అక్షరాలు.

"ఏమే పిచ్చమ్మా!" అని అరిచిన. పిచ్చమ్మ నా భార్య. "బిడ్డకు ఛార్జి వచ్చిందే!"

"ఫోనుకా?" అన్నది లోపలి నుంచి.

"ఫోనుకు గాదే, బడికి! పూర్తి ఛార్జి!"

ఆమె చేతుల పిండి కడుక్కోకుండనే వచ్చి కాగితం కండ్లకద్దుకున్నది. తమ మెమో మీద ఒక మూల జొన్నపిండి అంటింది. విచారణల దాన్ని చూపెట్టాల్సి వస్తే ఆ మరక నేరం కాదని మనవి.

తిన్నగ ఫ్లెక్సీల దుకాణానికి పోయిన. అక్కడ జీవన్ అనే పిల్లగాడు కంప్యూటరు కొడతడు.

"తాతా, ఏం కొట్టాలె?"

"గీ కాగితంల పైన ఏమని ఉన్నది?"

"ఛార్జ్ మెమో అని ఉన్నది."

"గదే కొట్టు. మెమో అందుకున్న శుభ సందర్భంగా అని కొట్టు."

వాడు నా మొఖం చూసి, కాగితం చూసి, మళ్ల నా మొఖం చూసిండు. "తాతా, మెమోకా శుభాకాంక్షలు?"

"నీకెందుకురా? పనిచేసే మనిషికి గాకపోతే కూసున్నోనికి ఇస్తరా? నెంబరు గూడ పెద్దగ కొట్టు, సర్కారు నెంబరది."

వాడు కంప్యూటరు దిక్కు తిరిగిండు. కొట్టి ఇచ్చేటప్పుడు మాత్రం, "అందరు లీడర్ల బర్త్‌డేలకు కొట్టిస్తరు. మెమోకు కొట్టించినోడివి జిల్లా మొత్తంల నువ్వొక్కడివే తాతా" అన్నడు. నేను మెచ్చుకున్నడనుకొని వాని నెత్తి నిమిరిన.

ఫ్లెక్సీ మీద ఉన్నది యథాతథముగా: "ప్రభుత్వం వారిచే ఛార్జి మెమో అందుకున్న శుభ సందర్భంగా మా ముద్దుల కూతురు శ్రీమతి ఉమారాణి గారికి హార్దిక శుభాకాంక్షలు. ఇట్లు: నాయిన మల్సూర్, అమ్మ పిచ్చమ్మ మరియు బంధుమిత్రులు." నడుమ మా బిడ్డ ఫోటో, ఎనుక తమ మెమోనే పెద్దగ చేసి వేసిన్రు. తమ సంతకం మా బిడ్డ భుజం మీదికి వచ్చింది. చూడ చక్కగున్నది.

గల్లీ మొత్తం లడ్డూలు పంచినం. పేట అంతా చూసిన్రు. ఇంగ్లీషు వచ్చినోళ్లు గూడ చూసిన్రు. ఒక్కరు చెప్పలేదు. "శుభం మల్సూరన్నా" అని లడ్డూ నోట్ల పెట్టుకొని పోయిన్రు. నా మొఖంల సంతోషం చూసి చెప్ప బుద్ధి కాలేదంట, తర్వాత చెప్పిన్రు.

చెప్పింది మా అల్లుడు వేణు. కోదాడ పిల్లగాడు, మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీల లారీలు తూకం వేసే కాడ పని. పోయిన శనివారం వచ్చిండు. నేను లడ్డూ ఇచ్చిన. తీసుకొని కాసేపు చేతిలనే పట్టుకున్నడు.

"మావయ్యా, ఒక మాట చెప్తాను, కోప్పడకండి. ఇది ఛార్జి ఇచ్చే కాగితం కాదండి. మీ అమ్మాయి తప్పులు చేసిందని రాసిన కాగితం."

"ఎవరి అమ్మాయి?"

"మీ అమ్మాయే."

"ఏం తప్పులు?"

అల్లుడు ఒక్కొక్కటే తెలుగుల చెప్పుకుంట పోయిండు. తాళాలు పిల్లల చేతికి ఇచ్చిందట. అధికారిని బయట కూర్చోబెట్టిందట. తను లేకుండ బడి నడిపించిందట. మేడం అనిపించుకోదట. అయ్యా, ఒక్కొక్క తప్పు వింటుంటే నా సంతోషం తగ్గాలె గదా. పెరిగింది. "మళ్ల మొదటి నుంచి సదువు అల్లుడా" అన్న. రెండోసారి పిచ్చమ్మను గూడ పిలిచి కూసోబెట్టి వినిపించిన. ముప్పై ఏండ్ల సర్వీసుల నా గురించి ఒక్కరు ఇంత వివరంగ రాయలేదు.

అప్పుడు అల్లుడు ఇంకొక సంగతి చెప్పిండు. దీనికొరకే ఇంత రాసింది. మెమో పోస్టుల రాకముందే మా బిడ్డకు ఫోనుల తెలిసిందంట. మాకు చెప్పలేదు. మా ఇంటికొచ్చి నవ్వుకుంటనే పోయింది. "ఆ ఫోన్ వచ్చాక మీ అమ్మాయి నాలుగు రోజులు సరిగ్గా అన్నం తినలేదు మావయ్యా. రోజూ ఫోన్‌లో ఏడుపే. గురువారం ఆటోలో వెళ్తూ మీ ఫ్లెక్సీ చూసిందంట. నాకు ఫోన్ చేసింది. మాట్లాడలేక నవ్వుతోంది. ఏమైందే అంటే, 'బాగా ఆకలేస్తోంది, తర్వాత చేస్తా' అని పెట్టేసింది. మీకు అసలు సంగతి చెప్పొద్దని ఒట్టు కూడా వేయించుకుంది."

అయ్యా, ఆ ఫ్లెక్సీ నా బిడ్డకు అన్నం తినిపించింది. దాన్ని నేను తీయను. గాలికి చినిగితే మళ్ల కట్టిస్త. తమ గుమాస్తా గారు అది శాఖకు అవమానం అన్నరు. అందులో ఉన్న ప్రతి అక్షరం తమరు ఇచ్చిందే, శుభాకాంక్షలు ఒక్కటే నాది.

2. తాళాలు విద్యార్థుల చేతికి ఇచ్చుట గురించి:

నిజము. ఇచ్చింది. ఇస్తనే ఉన్నది.

బడి తలుపు పక్కన ఒక పలక వేలాడుతది. దాని మీద "ఈ రోజు ఛార్జి" అని రాసి, పక్కన ఆ దినం ఎవరిదో వాళ్ల పేరు రాస్తరు. వంతు ఎవరిదైతే వాళ్లే పొద్దున తాళం తీయాలె, ఊడవాలె, రానోళ్లకు ఫోను చేసి ఎందుకు రాలేదో కనుక్కోవాలె, ఎవరన్న వస్తే మాట్లాడాలె. ఆ దినం పెద్ద కుర్సీల వాళ్లే కూసుంటరు. నా బిడ్డ పాఠం చెప్పుకుంటది, అంతే. ఆమె వంతు వచ్చిన దినం ఆమె గూడ ఊడుస్తది.

కొత్తగ వచ్చినోళ్లకు ఒక రివాజున్నది. మొదటిసారి వస్తే చుట్టం. రెండోసారి వస్తే ఇంటి మనిషి. ఇంటి మనిషికి తాళం ఇస్తరు.

జమ్లీ అని ఒక పిల్ల. చివ్వెంల దిక్కు తండా. పొద్దున బస్టాండు కాడ టిఫిన్ సెంటర్ల గిన్నెలు తోముతది, సాయంత్రం చట్నీ రుబ్బుతది. నడుమ చదువుకుంటది. మొదట వచ్చినప్పుడు తలుపు ఎనుక నిలబడి, పేరడిగితే పక్కపిల్ల చెప్పేది. రెండోసారి వచ్చిన దినం రివాజు ప్రకారం తాళం చేతిల పెట్టిన్రు. పెడితే, తెల్లారి రాలేదు. నా బిడ్డ టిఫిన్ సెంటరుకు పోతే అక్కడ పిండి డబ్బాల తాళం దాచింది. "నాతోని గాదు అక్కా, పోగొడ్త" అని ఏడుపు.

నా బిడ్డ తాళం తీసుకోలేదు. తిరిగి వచ్చి బడి మెట్ల మీద కూసున్నది. అందరినీ కూసోమన్నది. బయటనే లెక్కలు చెప్పింది. ఎండెక్కింది. వచ్చేపోయేటోళ్లు నవ్విన్రు. "ఏం మేడం, బడి బందా?" "బంద్ కాలే, ఛార్జి వస్తున్నది." మధ్యాహ్నం దాటినంక జమ్లీ వచ్చింది, చేతులకు పిండితోని. ఎవరి దిక్కు చూడకుండ తాళం తీసింది. ఆ పిల్ల ఇప్పుడెట్లున్నదో తమరికి నేను చెప్పనక్కర లేదు. తమరు చూసిన్రు.

3. అధికారిని బయట కూర్చోబెట్టుట గురించి:

ఇది పూర్తిగా నిజము. నేను చూసిన. బిడ్డకు సద్ది తీసుకొని పోయి వరండాల కూసున్న ముసలోడు గుర్తుండే ఉంటడు, అది నేనే.

తమరు వచ్చి, "ఇక్కడ ఛార్జి ఎవరు?" అని అడిగిన్రు.

జమ్లీ పెద్ద కుర్సీల నుంచి లేచి, "నేనే సార్" అన్నది.

"నువ్వా? ఛార్జి ఎవరని అడుగుతున్నా."

"నేనే సార్. గా పలక సూడుండ్రి."

"మేడం ఏది?"

"అక్క లెక్కలు చెప్తున్నది సార్. నడుమల లేపితే లెక్క మళ్ల మొదటికొస్తది. జర కూసోండ్రి. చెప్పులు గాడ ఇడువుండ్రి."

తమరు కూసున్నరు. ఆ బెంచి మీద పద్మమ్మ ఉన్నది. హాస్టల్ల వంట చేస్తది, నలభై దాటినయి, పదికి చదువుతున్నది. ఆమె జరిగి జాగ ఇచ్చి తమరిని పలకరించింది.

"ఏ క్లాసుల ఆగినవ్ అన్నా?"

"నేను అధికారిని" అన్నరు తమరు.

"అందరం గట్లనే ఏదో ఒకటి చెప్పుకున్నం మొదటి దినం" అన్నది పద్మమ్మ. "నేనైతే చుట్టాలను సూడ వచ్చినని చెప్పిన. సిగ్గుపడకు అన్నా. నీ వయసోళ్లు ఇంకిద్దరున్నరు. లెక్కలు రావా?"

అయ్యా, తమరికి కోపం వచ్చింది అక్కడనేనని నాకు తెలుసు. మెమోల అధికారిని విద్యార్థిగా భావించి అవమానపరిచిరి అని రాసిన్రంట. నాకు చదువు తక్కువ. అయినా ఒక మాట చెప్తా. పద్మమ్మకు ఆ బడిల చదువుకునుడు కంటె ఎక్కువ గౌరవం ఇంకొకటి తెల్వదు. ఆ బడిల చేరుడు ఆమె బతుకుల పెద్ద పని. తమరు గూడ ఆ పనికే వచ్చిన్రనుకున్నది. తన గ్లాసుల చాయ సగం తమరికి పోసింది. తమరు తాగిన్రు. అది గూడ నేను చూసిన. మెమోల ఎవరూ రాయలేదు.

4. ఇన్‌ఛార్జి లేకుండా పాఠశాల నడుపబడుట గురించి:

పరీక్షల ముందు దినం పడ్డ పెద్ద వాన సంగతి ఇది. నా బిడ్డ అత్తగారి కంటి ఆపరేషన్‌కు కోదాడ పోయింది. రోడ్డు మీదికి నీళ్లొచ్చినయి. బస్సులు బంద్. కరెంటు పోయింది, ఫోన్లు పోయినయి. ఇక్కడ మార్కెట్ ఎనుక బడిలకు మోకాలు లోతు నీళ్లు. హాల్‌టికెట్లన్నీ బీరువాల ఉన్నయి.

ఆ దినం పలక మీద పేరు పద్మమ్మది.

పద్మమ్మ నీళ్లల్ల దిగి బీరువా తీసింది. హాల్‌టికెట్లు చీర కొంగుల కట్టుకున్నది. పుస్తకాలు గోధుమల లారీకి కప్పే పట్టాల చుట్టించింది. దూరం పల్లెలోళ్లు రాత్రికి ఎక్కడుంటరని, ఫంక్షన్ హాలు ఆసామి దగ్గరికి పోయింది. ఆయన పైనుంచి చూసి, "ఎవరు పంపిన్రమ్మా?" అన్నడు.

"ఎవరు పంపలే. ఈ రోజు ఛార్జి నాది."

ఆయనకు ఏం సమజయిందో నాకు తెల్వదు. తలుపు తీసిండు. తెల్లారి అందరూ పరీక్ష రాసిన్రు. ఒక్కరూ తప్పిపోలేదు.

నీళ్లు తగ్గినంక నా బిడ్డ వచ్చింది. బురద కాళ్లతోనే బడి మెట్ల మీద కూసొని నవ్వుతున్నది. "నేను లేకున్నా నడిచింది నాయినా!"

నాకు భయమైంది. "గట్ల అందరి ముందట చెప్పకు బిడ్డా. నువ్వు లేకున్నా నడిస్తే ఇగ నువ్వెందుకు అంటరు."

"గందుకే గద నేను" అన్నది.

ఆ దినం నాకు సమజు కాలేదు. నేను పనిచేసిన మిల్లుల సేటు దవాఖానల పడితే మిల్లు బందైంది. ధాన్యం లారీలు గేటు ముందట వరుసగ నిలబడ్డయి, వడ్లు మొలకలొచ్చినయి. సేటు మంచం మీద ఆ సంగతి విని, "సూసినవా మల్సూర్, నేను లేకుంటే ఒక్క లారీ కదలది" అని మురిసిండు. నేను గూడ మురిసిన. పెద్దరికం అంటే గదే అనుకున్న. తాళాలు ఇన్నేండ్లు నా చేతిల ఉన్నా గేటు తీయాల్నా వద్దా అని నన్ను ఒక్కనాడు అడిగినోళ్లు లేరు. తాళం ఉన్నది, ఛార్జి లేదు. నా బిడ్డ తాళంతోని పాటు ఛార్జి గూడ ఇస్తున్నది. మెమో చదివినంకనే నాకు తెలిసింది. అందుకు తమరికి నిజంగనే రుణపడి ఉన్నాను.

5. మేడం అనకుండా 'అక్కా' అనుట గురించి:

అక్కే. ఇందుల జవాబు చెప్పేది ఏమీ లేదు.

6. ఇగ విద్యార్థుల సంగతి:

వాళ్లు గూడ మెమో తెలుగుల చెప్పించుకున్నరు. చెప్పించుకొని, తెల్లారి ఫ్లెక్సీ కాడికి పోయి కింద తెల్లగున్న జాగల మార్కరుతోని తలా ఒక పేరు రాసిన్రు. ఎవరో "బంధుమిత్రులు" అన్నది కొట్టేసి "ఛార్జి తీసుకున్నోళ్లం" అని రాసిన్రు. జమ్లీ మాత్రం రాయకుండ తిన్నగ మా ఇంటికి వచ్చింది. కోపంగ ఉన్నది.

"తాతా, సారు వచ్చిన దినం ఛార్జి నాది గదా?"

"నీదే బిడ్డా."

"కూసోమన్నది నేను. చెప్పులు ఇడువుమన్నది నేను. మరి మెమో అక్కకెందుకొచ్చింది? నాకు రావాలె."

"నీకు మెమో ఎందుకే? అది మంచిది గాదంట."

"మంచిదో చెడ్డదో. నాది నాకియ్యాలె."

అయ్యా, నేను గేటు కాసిన ఇన్నేండ్లల్ల, తప్పు నాది అని ముందటికి వచ్చినోళ్లను చూడలేదు. లారీ గోడకు తగిలితే డ్రైవరు క్లీనరు మీదికి, క్లీనరు వాచ్‌మన్ మీదికి. తలుపు ఎనుక నిలబడే పిల్ల సర్కారు మెమో నాదని కొట్లాడుతున్నది. ఈ పిల్లను కోదాడకు పంపుతమంటున్నరు. గిన్నెలు తోమి కోదాడ బస్సెక్కి, తిరిగి చట్నీ యాళ్లకు ఎట్ల వస్తది? రాదు. ఇగ చదువది. మళ్ల ఎవరన్న పేరడిగితే పక్కపిల్లనే చెప్తది.

కావున తమరిని కోరునది ఏమనగా:

అ) మెమోను వాపసు తీసుకోవద్దు. నెంబరు ఫ్లెక్సీ మీద ఉన్నది.

ఆ) తనిఖీ నాటి నేరములకు సంబంధించి కుమారి జమ్లీ పేరున వేరే మెమో ఇప్పించగలరు. ఆ పిల్ల పేరున సర్కారు కాగితం ఇంతవరకు పోస్టుల రాలేదు. తెలుగుల ఇస్తే తనే చదువుకుంటది.

ఇ) ఉమారాణికి ఇన్‌ఛార్జి అనే సగం మాట తీసేసి పూర్తి ఛార్జి ఆర్డరు ఇవ్వగలరు. తీసుకున్న మరునాడే ఆమె దాన్ని పలక మీద ఇంకొకరికి రాసిస్తది. దానికి మళ్ల మెమో ఇవ్వవచ్చును. మళ్ల ఫ్లెక్సీ కడతాము.

ఈ) కోదాడల ఇట్లాంటి బడి ఉన్నదంటే సంతోషము, మిర్యాలగూడల గూడ ఒకటి పెట్టుండ్రి. ఒకదాన్ని తెచ్చి ఇంకొకదాన్ల కలుపుడు మాత్రం వద్దు. కాదని కలిపితే, తలుపుకు తమరి తాళం పడితే, మెట్లు ఎట్లనూ బయటనే ఉన్నయి. మెట్ల మీద లెక్కలు చెప్పుడు నా బిడ్డకు అలవాటే. నేను గేటు కాస్త. అది నాకు అలవాటే.

ఇదంతా తమరు చిత్తగించవలెను. చిత్తం కాకున్నా ఫరవాలేదు, కొత్త బస్టాండు దిక్కు వచ్చినప్పుడు ఒక్కసారి తల ఎత్తి చూడవలెను.

ఇట్లు,
ఫ్లెక్సీ విషయంలో తప్ప తక్కిన అన్నింటా తమ విధేయుడు,
ఏర్పుల మల్సూర్
(పక్కన నా భార్య పిచ్చమ్మ వేలిముద్ర. ఆమె అడిగి వేసింది.)

తా.క.: ఈ అర్జీ బిడ్డకు తెల్వకుండ రాసిన. కవర్ల పెట్టేటప్పుడు చూసింది. నిలబడే మొత్తం చదివింది. చింపుతదేమో అనుకున్న. చింపలేదు, తప్పులు గూడ దిద్దలేదు. "నాయినా, సోమవారం ఛార్జి ఎవరిదో చూసుకున్నవా?" అన్నది. బడికి పోయి పలక చూసిన. నవ్వాల్నో భయపడాల్నో తెల్వలేదు. తమ పేరు రాసిన్రు, గారు అని గూడ పెట్టిన్రు. తమరు రెండోసారి వస్తున్నరు గదా సారూ, రివాజు రివాజే. అందరు కూసొని చేతులెత్తి తీర్మానం చేసిన్రంట. పద్మమ్మ రెండు చేతులెత్తిందంట.

కాబట్టి జర పొద్దుగాలనే రాండ్రి. తాళం జమ్లీ టిఫిన్ సెంటర్ల ఉంటది, అడిగితే ఇస్తది. పిండి అంటుకొని ఉంటది, తుడుచుకోండ్రి. చీపురు తలుపు ఎనుక ఉన్నది. లడ్డూలు రెండు దాచి పెట్టినం. పెద్ద కుర్సీకి ఒక కాలు ఊగుతది, మెల్లగ కూసోవాలె. ఆ దినం ఎవరన్న బయటి నుంచి వచ్చి "ఇక్కడ ఛార్జి ఎవరు?" అని అడిగితే, లోపలికి చూడకుండ, అక్కను పిలువకుండ, లేచి నిలబడి "నేనే" అనాలె. గట్టిగ అనాలె. మొదట గొంతు రాకుంటే పరేషాన్ కావద్దు. జమ్లీకి గూడ రాలేదు.